పఠనము నడుమ ఒక కార్డు కథ



పరిశుద్ధ గ్రంథమును ఆదికాండము మొదలుకొని ప్రకటన గ్రంథము వరకు ఆగకుండా, రాత్రింబగళ్లు వంతులు వేసికొని చదివించవలెనని కొన్ని సంఘములు పూనుకొనుచున్నవి. ఇది మెచ్చదగిన పూనిక. ఇటువంటి కూడికకు ముందు సంఘ పెద్దలు మమ్మును అడుగు మొదటి ప్రశ్న ఎప్పుడును ఒకటే: “అయ్యగారూ, మొత్తం ఎన్ని గంటలు పడుతుంది?”

ఆ లెక్క కష్టమైనది కాదు. పాత నిబంధనలో 929 అధ్యాయములు, క్రొత్త నిబంధనలో 260, వెరసి 1189. అధ్యాయమునకు సగటున నాలుగు నిమిషములు వేసికొన్నను 4756 నిమిషములు, అనగా 79 గంటలకు పైమాట. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడచిన తరువాత కూడ ఇంకను ఏడు గంటల పని మిగిలియుండును.

రెండవ ప్రశ్న ఎవరును అడుగరు. ఈ 79 గంటలలో మన చెవులు ఎన్ని గంటలు తెరచియుండును?

ఉదయము ఆరు గంటలకు మొదలుపెట్టి, విరామములు లేకుండ చదివినను, మొదటి దినవృత్తాంతములు వచ్చునప్పటికి మరునాడు తెల్లవారుజామున నాలుగున్నర అగును. ఆ గ్రంథములో మొదటి తొమ్మిది అధ్యాయములు చాలమట్టుకు పేర్ల పట్టికలే. ఆ వేళకు చదువువాని నోరు చదువుచుండును గాని మనస్సు ఇంటికి పోయియుండును. వినువారి తలలు గోడకు ఆనియుండును. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో పగలంతయు బస్తాలు మోసి వచ్చిన సహోదరుడు రాత్రి వంతు తీసికొన్నయెడల, అతనికి నిద్ర వచ్చుట పాపము కాదు, శరీర ధర్మము. అయితే కేవలము గంటలు నింపుటకే చదివినయెడల, ఆ 79 గంటలును గోడలకు వినిపించినట్లే గదా!

కాబట్టి విరామము అవసరము. అయితే ఆ విరామమును ఏమి చేయవలెను? ఈ నెల మనము ఆలోచింపవలసిన సంగతి ఇదే.

దైవజనుడైన ఎజ్రా కాలములో జరిగిన పఠనమును చూడుడి. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో ఏడవ నెల మొదటి దినమున, ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదువబడినది. అక్కడ లేవీయులు ఊరక నిలువలేదు. జనులకు అర్థమగునట్లు వివరించిరి. 9వ అధ్యాయము 3వ వచనములో మరియొక సంగతి ఉన్నది. ఒక జాము సేపు చదివిరి, మరియొక జాము సేపు తమ పాపములను ఒప్పుకొని ప్రభువునకు నమస్కరించిరి. ఒక జాము వినుట, ఒక జాము జవాబు చెప్పుట. అది ఎంత చక్కని ఏర్పాటు! మనమైతే జవాబు జామును టీ గ్లాసులకును, ప్రకటనలకును, కునుకుపాట్లకును ఇచ్చివేయుచున్నాము.

టీ వద్దని మేము చెప్పము. టీతో పాటు ఒక పోస్టుకార్డు అంత కాగితము చేతికి ఇయ్యుడి అని మాత్రమే చెప్పుచున్నాము. నాలుగు గంటలకు ఒకసారి పావుగంట ఆగుడి. అంతవరకు విన్న భాగములో మనస్సును తాకిన ఒక్క సంగతిని పట్టుకొని, ఎనిమిది పది వరుసలలో, మన ఊరిలో జరిగినట్టుగా ఒక చిన్న కథ వ్రాయమనుడి. ప్రసంగము కాదు, సాక్ష్యము కాదు, కథ. పావుగంట కాగానే ఇద్దరు ముగ్గురు తమ కథలను చదివి వినిపింతురు. వెంటనే పఠనము సాగును.

ఇక్కడ కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పుదురు. “వాక్యము చదువు స్థలములో కల్పిత కథలేమిటి? పనికిమాలిన కట్టుకథలను విడిచిపెట్టుమని పౌలు తిమోతికి వ్రాయలేదా?” అని అందురు. వ్రాసెను. 1 తిమోతి 4:7లో ఉన్నది. అయితే పౌలు విడువుమన్నది భక్తికి పనికిరాని వాటిని. మన ప్రభువే జనసమూహములకు ఉపమానము లేకుండ ఏమియు బోధింపలేదని మత్తయి 13:34 తెలుపుచున్నది గదా. దొంగల చేతిలో చిక్కిన బాటసారి పేరేమి? తప్పిపోయిన కుమారుని ఊరు ఏది? ఉపమానమునకు ఊరు పేరు అక్కరలేదు. విన్నవాని హృదయములో అది జరిగిన చాలును.

అవి ఎంత చిన్నవో కూడ గమనించుడి. పిండిలో దాచిన పులిసిన పిండి ఒక్క వచనము. పొలములో దాచబడిన ధనము ఒక్క వచనము. పొలము, ఆ ధనము కనుగొన్నవాడు, అతని సంతోషము, అతడు అమ్ముకొన్న ఆస్తి, అన్నియు ఆ ఒక్క వచనములోనే ఇమిడియున్నవి. మంచి సమరయుని కథకు ఆరు వచనములు చాలినవి.

పాత నిబంధనలో దీర్ఘమైన రాజుల చరిత్ర నడుమ కూడ ఇటువంటి చిన్న కథలు తటాలున ఎదురగును. న్యాయాధిపతులు 9వ అధ్యాయములో చెట్లు తమకు రాజును వెదకుకొనుచు చివరకు ముండ్లపొద యొద్దకు పోయిన కథ యోతాము చెప్పెను. 2 సమూయేలు 12వ అధ్యాయములో నాతాను నాలుగు వచనములలో ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. దావీదునకు ధర్మశాస్త్రము తెలియదా? తెలియును. అయినను ఆ చిన్న కథ వచ్చువరకు అది తనకే చెప్పబడినదని అతనికి తోచలేదు. దీర్ఘ పఠనము మనలను కాలువ నీటివలె మోసికొనిపోవును. చిన్న కథ ఒడ్డున గుంజవలె నిలిచి మనలను పట్టి ఆపును.

మన తెలుగువారికి ఇది క్రొత్త విద్యయు కాదు. 1947 జూలైలో మొదలైన చందమామ పత్రికను మన ఇండ్లలో తరములు చదివినవి. దానిని ఎన్నో ఏండ్లు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు (1909–1980) గల్పికలని పిలువబడు పొట్టి రచనలను విరివిగా వ్రాసిరి. వారపత్రికలలో ఒక పేజీ కథలు, కార్డు కథలు మన పాఠకులకు పరిచయమే. ఉన్న అలవాటును ప్రభువు మందిరములోనికి తెచ్చుకొనుటయే గాని వేరేమియు లేదు.

కైకలూరు వైపు ఒక గ్రామ సంఘములో ఇట్లు జరుగగా మేము చూచితిమి. రాత్రి పది గంటల వేళకు రూతు గ్రంథము ముగిసి విరామము వచ్చెను. కాగితములు పంచుచుండగా ఒక మామ్మగారు, “నాకు అక్షరం ముక్క రాదు, నాకెందుకయ్యా?” అనిరి. ప్రక్కనున్న మనుమరాలు, “నువ్వు చెప్పు మామ్మా, నేను రాస్తా” అన్నది. మామ్మగారు చెప్పిన కథ ఇది:

“కోడలు కువైటు వెళ్లి రెండేళ్లయింది. ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. ‘అత్తా, అన్నం తిన్నావా?’ అంటుంది. ‘తిన్నానే. మరి నువ్వు?’ అంటుంది అత్త. ‘తిన్నా’ అంటుంది కోడలు. ఇద్దరూ తినలేదని ఇద్దరికీ తెలుసు. ఫోను పెట్టేశాక, ఆడిన మాట అబద్ధం కాకూడదని, అక్కడ ఒకరు ఇక్కడ ఒకరు లేచి కంచం ముందు పెట్టుకుంటారు.”

పశ్చిమ గోదావరి పల్లెలనుండి ఎందరో తల్లులు, కోడళ్లు గల్ఫు దేశములకు ఇంటిపనికి పోయియున్నారు. ఆ కథ వినగానే స్త్రీలలో కొందరు కొంగు కన్నులకు అద్దుకొనిరి. నయోమి రూతులు మోయాబు దేశమునుండి తిన్నగా తమ ఊరి చావడికి వచ్చినట్లాయెను. రూతు గ్రంథము మీద గంటసేపు ప్రసంగించినను మేము ఇంతకన్న ఎక్కువ చెప్పగలిగెడివారము కాము. అక్షరము రాని మామ్మగారు ఆ రాత్రి చదువువారి వరుసలో చేరిరి. దీర్ఘ పఠనములో చదువు రానివారు వినువారుగానే మిగిలిపోవుదురు. చిన్న కథ వారికి కూడ ఒక వంతు ఇచ్చుచున్నది.

తెల్లవారుజామున 1 రాజులు 21వ అధ్యాయము, నాబోతు ద్రాక్షతోట కథ చదువబడెను. ఆ తరువాతి విరామములో చేపల చెరువుల యొద్ద కాపలా పనిచేయు ఒక యౌవనస్థుడు ఇట్లు వ్రాసెను:

“అన్నదమ్ముల చెరువుల మధ్య ఒకటే గట్టు. ఏటేటా గట్టు బాగుచేసే వంకతో అన్న జానెడు మట్టి తమ్ముడి వైపు జరిపేవాడు. పదేళ్లలో గట్టు పది జానల దూరం నడిచింది. ఒక గాలివాన రాత్రి ఆ గట్టు తెగింది. తెల్లారేసరికి రెండు చెరువులూ ఒకటే నీళ్లు. అన్న వల తీసుకొచ్చాడు. తమ్ముడు ఒడ్డున నిలబడి, ‘అన్నయ్యా, నీ చేపలేవో నువ్వే ఏరుకో’ అన్నాడు.”

మొదట నవ్వులు వినబడెను. తరువాత నిశ్శబ్దము. కొల్లేటి వారికి గట్టు అనగా ఏమో ఎవరును చెప్పనక్కరలేదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సును 1999లో ప్రభుత్వము అభయారణ్యముగా ప్రకటించినది. 2006లో ఆ హద్దులోని చేపల చెరువుల గట్లు కొట్టివేయబడినవి. గట్టు వేసినవాడును, గట్టు పోగొట్టుకొన్నవాడును, గట్టు మీద కూలి చేసినవాడును, గట్ల మూలముగా నీరు కుంచించుకుపోవుట చూచినవాడును ఒకే చాప మీద కూర్చుండి వినుచున్నారు. పైగా ఆ సంఘములో సరిహద్దు తగవుతో కొన్ని ఏండ్లుగా మాటలు లేని రెండు కుటుంబముల పెద్దలు కూడ అక్కడే ఉండిరి. పొరుగూరినుండి వచ్చిన ఆ యౌవనస్థునికి ఆ సంగతి తెలియదు.

తగవు ఆ రాత్రి తీరెనని మేము వ్రాయము, ఏలయనగా తీరలేదు. అయితే తరువాతి గంటలో ఆ ఇద్దరి వంతులును ఒకదాని వెంట ఒకటి వచ్చెను. మొదటివాడు తన వంతు ముగించి, తాను ఆపిన వచనము మీద వ్రేలు పెట్టి, రెండవవాడు వచ్చి చూచువరకు ఆ వ్రేలు తీయలేదు. “ఇక్కడ” అని ఒక్క మాట చెప్పెను. రెండవవాడు, “ఆఁ” అని కూర్చుండి చదువసాగెను. కొన్ని ఏండ్ల తరువాత వారి నడుమ దొర్లిన మాటలు ఆ రెండే. అంతవరకు ఆ పెద్ద సమాధానము కొరకు సంఘము ఇంకను ప్రార్థించుచున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. చిన్న కథ చిన్న కత్తి వంటిది. 2 రాజులు 14:9లో ఇశ్రాయేలు రాజైన యెహోయాషు కూడ ఒక వచనములో కథ చెప్పెను. లెబానోనులోని ముండ్ల చెట్టు దేవదారు వృక్షముతో వియ్యమందగోరెను, అంతలో అడవిమృగము వచ్చి ఆ ముండ్ల చెట్టును త్రొక్కివేసెను. కథ చక్కగానే ఉన్నది. అయితే అమజ్యాను కించపరచు మాట అందులో ఉన్నది. అమజ్యా వినలేదు, యుద్ధము వచ్చెను, యూదావారు ఓడిపోయిరి. నాతాను కథ రాజును పశ్చాత్తాపమునకు నడిపించెను, ఎందుకనగా నాతాను దేవునిచేత పంపబడెను. మనమందరము నాతానులము కాము. పల్లెలో ఎవరి గురించి చెప్పినను ఎవరో ఒకరు ఇట్టే పోల్చుకొందురు.

కాబట్టి నాలుగు నియమములు పెట్టుకొనుడి. మొదటిది, సంఘములోని ఏ మనిషినీ గురిపెట్టి వ్రాయరాదు. కథ ముందుగా వ్రాసినవానినే తాకవలెను. రెండవది, ప్రభువు నోట గాని ప్రవక్తల నోట గాని గ్రంథములో లేని మాటలు పెట్టరాదు. కథ మన ఊరిలోనే జరుగవలెను. మూడవది, చివర నీతివాక్యము తగిలించరాదు. నీతి కథలోనే ఉండవలెను, విన్నవారు ఇంటికి తీసికొనిపోవుదురు. నాలుగవది, బహుమతులు వద్దు. బహుమతి వచ్చిన చోట కథ దేవుని కొరకు గాక న్యాయనిర్ణేతల కొరకు వ్రాయబడును.

సంఘములో వీలుకాని కుటుంబములు ఇంటిలోనైనను ఇది చేయవచ్చును. వేసవి సెలవులలో ఒక ఆదివారము మధ్యాహ్నము మార్కు సువార్త 16 అధ్యాయములును కలిసి చదువుడి. మన లెక్క ప్రకారము గంటకు పైన నాలుగు నిమిషములు పట్టును. సగములో ఆగి, పిల్లలకు తలకొక కాగితము ఇయ్యుడి. నాన్నగారు కూడ వ్రాయవలెను. అమ్మ పొయ్యి దగ్గరనుండి నోటితో చెప్పినయెడల బిడ్డలు వ్రాయవచ్చును. ఏ బిడ్డ మనస్సులో ఏ భయమున్నదో, ఏ తండ్రి గుండెలో ఏ అప్పున్నదో, నేరుగా అడిగిన చెప్పనివారు కథలో చెప్పుదురు. ఆ కాగితములను బైబిలులోనే దాచుడి. మరుసటి యేడు అదే భాగము చదువునప్పుడు అవి మరల మీ కంటబడును.

ప్రియులారా, 79 గంటలు చదివితిమని చెప్పుకొనుట సులభము. వాటిలో ఒక్క గంటయైనను మన గట్టుకు, మన కంచమునకు, మన ఫోనులోని మాటకు చేరినదా అని మనలను మనమే అడుగుకొందము. చదువువారిని, వినువారిని, విని జవాబు చెప్పువారిని ప్రభువు ఆశీర్వదించును గాక. ఆమేన్.