సీట్ల లెక్కలో కూలోడి గొంతేదీ?

హైదరాబాదు కృష్ణానగర్‌లో పొద్దున్నే పని కోసం నిలబడేవాళ్లలో సేద్యం దెబ్బతిని పల్లె విడిచి వచ్చినోళ్లెందరో. ఒళ్లు ఇక్కడ, ఓటు ఊళ్లో! లోక్‌సభ సీట్ల వాటా మీద పార్టీల మధ్య నడిచిన రగడలో వీళ్ల మాట వినపడలేదు.

రాష్ట్రాల సీట్లను 1976లో 42వ రాజ్యాంగ సవరణ 1971 జనాభా లెక్కకు కట్టేసింది. 2002లో అమలుకొచ్చిన 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది. 1977 ఎన్నికల నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 42 సీట్లుండేవి. 2014లో రాష్ట్రం విడిపోయి ఆంధ్రకు 25, తెలంగాణకు 17 వచ్చాయి. జనాభాను అదుపు చేసుకున్నందుకు మన వాటా కోస్తే అది అన్యాయమే, ఎదిరించాల్సిందే.

కానీ వాటా నిలబడితే చాలునా? 42 మంది ఢిల్లీలో కూర్చున్న రోజుల్లోనూ పాలమూరు వలస ఆగలేదు కదా! 1952లో నల్లగొండ పేదజనం రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. ఆ ఓట్ల వెనక సంఘం ఉంది, భూమి కోసం చేసిన పోరాటం ఉంది.

సీట్ల కోసం కొట్లాడుదాం. ఆ సీట్లలో ఎవరు కూర్చోవాలో మాత్రం ఊళ్లలో, అడ్డాల మీద కూలి సంఘాలు కట్టి మనమే తేల్చుదాం.