వైఫై పాస్‌వర్డ్ కూడా అమానతే

పక్కింటి అబ్బాయి వచ్చి "ఖాలా, మీ వైఫై పాస్‌వర్డ్ చెప్పరా?" అంటే మన ఇళ్లలో కాదనలేం. హమ్‌సాయా హక్కు కదా అని చెప్పేస్తాం. వాడు దోస్తులకు చెబుతాడు. నెల తిరిగేసరికి గల్లీ అంతా మన కనెక్షన్ మీదే.

2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ల ముందు వచ్చిన ఈమెయిల్ జాడ తీస్తే, పోలీసులు నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటికి చేరారు. సరైన భద్రత లేని అతని వైఫైని వేరెవరో వాడుకున్నారు. అయినా అతనికి విచారణ తప్పలేదు. ఆ ఇల్లు మనదైతే? సఫాయీ ఇచ్చుకోవడానికి ఎన్నాళ్లు పట్టేదో మీకు చెప్పక్కర్లేదు.

అందుకే నా మష్వరా: రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఈరోజే మార్చండి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3, లేదంటే డబ్ల్యూపీఏ2 పెట్టండి. డబ్ల్యూపీఎస్ ఆపేయండి. పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి. ఫోన్ నంబరు, పిల్లల పేర్లు వద్దు. మెహ్‌మాన్‌లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి, వాళ్లు వెళ్లాక ఆపండి. దానివల్ల మన ఫోన్లు, కంప్యూటర్లు వాళ్లకు అందవు. కానీ బయటికి కనిపించే చిరునామా మాత్రం మనదే. కాబట్టి భరోసా ఉన్నవాళ్లకే ఇవ్వండి.

పొరుగువారికి దాహమైతే నీళ్లిస్తాం, ఇంటి తాళంచెవి ఇవ్వం. అది బద్‌తమీజీ కాదు, ఎహ్‌తియాత్.