రక్తపోటు: మెదడు పెత్తనం

బి.పి. అనగానే అందరూ గుండెనే తలుచుకుంటారు. గుండె ఒక పంపు మాత్రమే. ఆ పంపు ఎంత జోరుగా నడవాలో, ఒంట్లో నీరు ఎంత నిలవ ఉండాలో చూసే పెత్తనం చాలావరకు మెదడుదే.

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ ఉంటుంది. అక్కడ తయారైన వాసోప్రెసిన్ అనే హార్మోను పిట్యూటరీ గ్రంథి నుంచి రక్తంలో కలుస్తుంది. మన హుజూర్‌నగర్ ప్రాంతంలో, సాగర్ ఎడమ కాలువ కింద పొలాల్లో ఎండలో పనిచేసేవారికి మూత్రం తక్కువగా, పచ్చగా రావడం మీకు తెలిసిందే. "నీరు వృథా చేయకండి" అని మూత్రపిండాలకు ఈ హార్మోను చెప్పే మాట అది. మోతాదు పెరిగితే ఇది రక్తనాళాలను కూడా బిగిస్తుంది.

పిట్యూటరీ రసాన్ని జంతువులకు ఎక్కిస్తే రక్తపోటు పెరుగుతుందని 1895లో ఇంగ్లండులో ఆలివర్, షేఫర్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. 1961లో అమెరికాలోని బ్రాటిల్‌బరోలో ఒక వింత ఎలుకల సంతతి బయటపడింది. వాటికి పుట్టుకతోనే ఈ హార్మోను లేదు. అందుకే ఎప్పుడూ నీళ్ళు తాగుతూనే ఉండేవి. తర్వాత 1979లో ఒక ప్రయోగం జరిగింది. మామూలు ఎలుకలకు ఉప్పునీరు, దానితోపాటు అడ్రినల్ గ్రంథికి చెందిన ఒక హార్మోను ఇస్తే బి.పి. బాగా పెరిగింది. అవే ఇచ్చినా బ్రాటిల్‌బరో ఎలుకలకు అలా పెరగలేదు. అంటే ఉప్పు చేసే చెరుపులో మెదడు హార్మోనుకూ వాటా ఉందన్నమాట.

అయితే ఎలుక వేరు, మనిషి వేరు. మనకు వంశపారంపర్యం, బరువు, మూత్రపిండాలు, నరాల ఒత్తిడి కూడా కారణాలే. ఏ ఒక్క హార్మోనూ మొత్తం దోషి కాదు.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచాకు మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయల్లోని ఉప్పు కూడా ఆ లెక్కలోదే. ఉప్పు తగ్గించమన్నారని ఎండలో పనిచేసేవారు నీళ్ళు మానకూడదు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం నీళ్ళ కొలత డాక్టరును అడగాలి.

మరొక్క మాట. "తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు" అని మాత్రలు మానేసేవారు చాలామంది. రక్తపోటు చెప్పి రాదు. పై కొలత 140, కింది కొలత 90 దాటి ఉంటూనే ఏ బాధా తెలియకపోవచ్చు. పక్షవాతం వచ్చాక తెలిస్తే లాభమేమిటి? హాయిగా ఉన్నంత మాత్రాన మాత్ర అవసరం లేదని కాదు. డాక్టరు చెప్పనిదే దాన్ని ఆపకండి.