మెదడువాపుకు ఆ సూది పనిచేస్తుందా?

గోదావరిఖని నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా బాబుకు నాలుగేళ్లు. జ్వరం వచ్చినప్పుడల్లా మా వీధి ఆర్.ఎం.పి. గారు ఒక సూది వేస్తారు. సాయంత్రానికల్లా లేచి ఆడుకుంటాడు. అది హార్మోను మందనీ, పెద్దాసుపత్రుల్లో మెదడువాపుకు కూడా అదే ఇస్తారనీ చెప్పారు. జ్వరం రాగానే అది వేయిస్తే మెదడువాపు రాకుండా ఉంటుంది కదా?"

ఉండదమ్మా. పైగా ముప్పు కూడా ఉంది.

ఆ సూది బహుశా డెక్సామెథాసోన్ అయివుంటుంది. మన మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. దాన్ని చూసి మనిషి తయారుచేసిన, దానికంటే ఎన్నో రెట్లు బలమైన మందు ఇది. ఈ జాతి మందులనే స్టెరాయిడ్లు అంటారు. 1948లో అమెరికాలో కీళ్లవాతంతో కదలలేని ఒక స్త్రీకి ఇలాంటి హార్మోనే ఇస్తే కొద్దిరోజుల్లో లేచి నడిచింది. 1950లో ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఇక అప్పటినుంచి ఎక్కడ వాపు కనిపించినా డాక్టర్ల చెయ్యి దీనిమీదికే పోయింది.

మెదడువాపులోనూ ఆ ఆశ సహజమే. వైరస్ మెదడులో చేరితే దెబ్బ రెండువైపుల నుంచి పడుతుంది. వైరస్ నాడీకణాలను చంపుతుంది. దానితో పోరాడడానికి వచ్చిన రక్షణకణాలు వాపు తెస్తాయి. కాలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగుతుందా? లోపల ఒత్తిడి పెరిగి, చివరికి ఊపిరి ఆడించే భాగమే నలిగిపోతుంది. స్టెరాయిడ్ ఆ రక్షణకణాలను చల్లబరుస్తుంది. బాగానే ఉంది, కాని అవి చల్లబడితే వైరస్‌ను ఎదిరించేదెవరు?

అందుకే పరీక్షించి చూశారు. వరిపొలాల దోమలు పందులనుంచి, కొంగలనుంచి మోసుకొచ్చే జపానీస్ ఎన్‌సెఫలైటిస్ వచ్చిన 65 మందిమీద థాయిలాండ్‌లో ఈ మందును ప్రయోగించారు. కొందరికి అసలు మందు, మిగిలినవారికి ఉత్తుత్తి మందు. 1992లో ఫలితాలు వచ్చాయి: చావుల్లోగాని, కోలుకోవడంలోగాని చెప్పుకోదగ్గ తేడా లేదు. మెదడుకెక్కిన మలేరియాలో అయితే ఇంకా అన్యాయం. ఈ మందు తీసుకున్నవారికే స్పృహ ఆలస్యంగా వచ్చిందని 1982లోనే తేలింది.

మరి పెద్దాసుపత్రిలో ఎందుకిస్తారంటారా? మెదడువాపు ఒక జబ్బు కాదు గనక. తట్టు, ఆటలమ్మ వంటివి తగ్గిన కొన్ని రోజులకు ఒక్కొక్కప్పుడు సొంత రక్షణకణాలే పొరపాటున మెదడుమీద పడతాయి. అప్పుడు నరంలోకి ఎక్కించే స్టెరాయిడ్ చాలామంది పిల్లలను నిలబెడుతుంది. మెదడు పొరలకు క్షయ సోకినప్పుడు క్షయ మందులతోపాటు ఇస్తే చావులు తగ్గుతాయి. హెర్పిస్ వైరస్ అయితే ముందు పడాల్సింది ఎసైక్లోవిర్. ఏది ఏదో వెన్నునీరు, రక్తపరీక్ష, స్కానింగ్ చెప్పాలి. వీధిలో నాడి పట్టుకుని చెప్పేది కాదు.

మీ ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వస్తే 183 మంది చనిపోయారు. మీ రామగుండం అప్పుడున్న కరీంనగర్ జిల్లా కూడా అందులో ఉంది. చాలామంది ఆసుపత్రిలో చేరిన రెండురోజుల్లోపే పోయారు. పుణేలోని జాతీయ సంస్థ పరీక్షల్లో బయటపడింది చాందీపురా వైరస్. గోడల పగుళ్లలో, పశువులపాకల్లో ఉండే ఇసుక ఈగ దీన్ని మోస్తుంది. దీనికి ఈరోజుకీ ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు. జపానీస్ రకానికి మాత్రం టీకా ఉంది. మీ బాబుకు వేశారో లేదో ఆశా కార్యకర్తను అడగండి.

మందు లేని జబ్బుకు ఆసుపత్రి ఎందుకని అనుకోకండి. ఫిట్స్ ఆపడం, ప్రాణవాయువు ఇవ్వడం, చక్కెర పడిపోకుండా, ఒత్తిడి పెరగకుండా చూడడం, ఇవే బిడ్డను దక్కిస్తాయి. ఆ సూదితో వచ్చిన చిక్కు ఇక్కడే. జ్వరం దిగుతుంది, బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తాడు, ఒక పూట గడిచిపోతుంది. ఆ పూటే విలువైనది. (ఉబ్బసానికో, మూత్రపిండాల జబ్బుకో డాక్టరు రాసిన స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న పిల్లలకు ఇది చదివి హఠాత్తుగా మానేయకండి. అదీ ప్రమాదమే.)

జ్వరంతోపాటు బిడ్డ మత్తుగా ఉన్నా, మనుషుల్ని పోల్చుకోకపోయినా, పదేపదే వాంతులైనా, మెడ బిగిసినా, పసివాడికి మాడు ఉబ్బినా, ఫిట్స్ వచ్చినా వెంటనే బయలుదేరండి. ఫిట్స్‌లో పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలగుత్తి, నోట్లో చెంచా వద్దు. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 108కి ఫోను చేయండి. ఇంటాయన నైట్‌షిఫ్టులో ఉంటే వచ్చేదాకా ఆగకండి, కబురు పంపితే నేరుగా ఆసుపత్రికే వస్తారు. అప్పటికే సూది వేయించి ఉంటే దాని ఖాళీ సీసా వెంట తీసుకెళ్లి, ఎన్నింటికి వేశారో డాక్టరుకు చెప్పండి.