బంతి వేసేవారి బలమెంత?

పిల్లలూ!

మృగశిర కార్తె వచ్చేముందు రైతు ఏం చేస్తాడు? వాన పడ్డాక చూసుకుందాంలే అని అరుగు మీద కూర్చోడు. నాగలి కర్రు అరిగిందా, విత్తనాలకు పురుగు పట్టిందా, ఎద్దుల్లో ఏది కుంటుతున్నది, ఏది ఇంకో ఏడాది లాగగలదు - ఇవన్నీ ఎండలు ఉండగానే చూసుకుంటాడు. పోయిన ఏడు పంట చేతికి రాని రైతయితే మరీ జాగ్రత్తగా చూస్తాడు.

ఆటలోనూ అంతే. మీ బడి జట్టు పోయిన ఏడు అన్ని ఆటలూ ఓడిపోయిందనుకోండి. ఈ ఏడు ఎవరి చేతికి బంతి ఇవ్వాలి? "ఎవరు ఎక్కువ వికెట్లు తీశారో వాళ్ళకే!" అని మీలో చాలామంది అంటారు. కాని వికెట్ల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎందుకో చెప్పటానికి మన పెద్ద జట్టునే తీసుకుందాం. నల్లగొండ పిల్లవాడైనా, పాలమూరు పిల్లవాడైనా ఇక్కడినుంచి రంజీ ట్రోఫీ ఆడాలంటే చేరవలసినది హైదరాబాదు జట్టులోనే కదా!

రంజీ పోటీలు 1934-35లో మొదలైనాయి. హైదరాబాదు రెండుసార్లు గెలిచింది: ఒకసారి 1937-38లో, మళ్ళీ 1986-87లో. ఈ ఊరు స్పిన్ బౌలర్లకు పుట్టిల్లు. గులాం అహ్మద్ 22 టెస్టుల్లో 68 వికెట్లు తీశాడు. శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102, అర్షద్ అయూబ్ 13 టెస్టుల్లో 41 తీశారు. ఈ ముగ్గురూ కుడిచేత్తో ఆఫ్ స్పిన్ వేసినవారే. ఎడమచేతి స్పిన్నరు వెంకటపతి రాజు 28 టెస్టుల్లో 93 వికెట్లు తీశాడు. అయితే "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అంటే ఆటస్థలంలో చెల్లదు సుమా!

2022-23లో హైదరాబాదు ఒక్క రంజీ ఆటా గెలవలేదు. తన గ్రూపులో అట్టడుగున నిలిచి, పై అంతస్తు అయిన ఎలీట్ విభాగంనుంచి కింది అంతస్తు అయిన ప్లేట్ విభాగానికి దిగిపోయింది. ఆ ఏడు డిసెంబరులో ముంబయి జట్టు మన బౌలర్ల మీద 6 వికెట్లు మాత్రమే కోల్పోయి 651 పరుగులు చేసింది. పలక తీసుకొని 651ని 6తో భాగించండి. ఒక్కొక్క వికెట్టుకు 108న్నర పరుగులు!

మరుసటి ఏడు ప్లేట్ విభాగం. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌తో ఆట. అవతలివారు మొదట 172కు, తర్వాత 256కు ఆలౌట్ అయ్యారు. అంటే 20 వికెట్లకు 428 పరుగులు. ఒక్కొక్క వికెట్టుకు 21 పరుగుల చిల్లర.

మోటు లెక్కలో చూస్తే 108న్నర ఎక్కడ, 21 ఎక్కడ! మన బౌలర్లు ఒక్క ఏడాదిలో అయిదింతలు గట్టివారైపోయారా? కాదు. ఎదుట బ్యాటు పట్టినవారు మారారు. ముంబయి రంజీ ట్రోఫీని అందరికన్న ఎక్కువసార్లు గెలిచిన జట్టు. అరుణాచల్ 2018-19లోనే ఈ పోటీల్లో అడుగుపెట్టిన జట్టు. కనుక బౌలరును అంచనా వేసేటప్పుడు మొట్టమొదటి ప్రశ్న ఇది: ఎవరి మీద తీశాడు?

2024 ఫిబ్రవరిలో హైదరాబాదు ఫైనల్లో మేఘాలయను ఓడించి ప్లేట్ ట్రోఫీ గెలిచి, మళ్ళీ పై విభాగానికి ఎక్కింది. సంతోషమే. కాని అప్పుడు జట్టును ఎంపిక చేసేవారి ముందున్న చిక్కు ఏమిటో మీకు తెలిసిందిగా! ప్లేట్‌లో కుప్పలుగా వచ్చిన వికెట్లలో గట్టి గింజ ఎంత, తాలు ఎంత? చేటలో పోసి చెరగాలి.

చెరగటానికి మూడు లెక్కలున్నాయి. మీ వంటి పిల్లవాడే టెన్నిసు బంతితో ఆడుకుంటూ పైకి వచ్చిన ఒకతని అంకెలతో చేసి చూద్దాం. అతడే మహమ్మద్ సిరాజ్. హైదరాబాదులో ఆటోరిక్షా నడిపిన తండ్రికి 1994లో పుట్టాడు. 2025లో ఇంగ్లండులో జరిగిన అయిదు టెస్టుల్లోనూ ఆడి 185.3 ఓవర్లు వేసి, 746 పరుగులిచ్చి, 23 వికెట్లు తీశాడు.

ఇక్కడ ఒక చిన్న గోతి ఉన్నది, కాలు వేయకండి. 185.3 అంటే దశాంశ భిన్నం కాదు. 185 ఓవర్లూ, పైన 3 బంతులూ అని అర్థం. ఓవరుకు 6 బంతులు గనుక 185ను 6తో గుణించి 3 కలపండి. 1113 బంతులు!

మొదటి లెక్క, సగటు. ఇచ్చిన పరుగులను వికెట్లతో భాగించాలి. 746ను 23తో భాగిస్తే 32 పైచిలుకు. ఒక వికెట్టు కొనటానికి అతడు పెట్టిన ఖర్చు అన్నమాట. ఇది తక్కువైతే మంచిది.

రెండవ లెక్క, వికెట్టుకు బంతులు. 1113ను 23తో భాగిస్తే 48 పైచిలుకు. అంటే సుమారు ఎనిమిది ఓవర్లకు ఒక వికెట్టు. ఎంత త్వరగా పని ముగిస్తాడో ఇది చెబుతుంది.

మూడవ లెక్క, ఓవరుకు పరుగులు. 185న్నర ఓవర్లలో 746 పరుగులంటే ఓవరుకు దాదాపు 4. ఎదుటివారిని ఎంత కట్టడి చేస్తాడో దీనివల్ల తెలుస్తుంది.

అదే పోటీల్లో జస్‌ప్రీత్ బుమ్రా 14 వికెట్లు తీశాడు. అతని సగటు 26. సగటు ప్రకారం బుమ్రాయే మేలు. కాని అతడు ఆడినవి మూడు టెస్టులే. అయిదింటిలోనూ బరువు మోసినవాడు సిరాజ్. ఆగస్టు 4న ఓవల్ మైదానంలో ఆఖరి వికెట్టును యార్కరుతో పడగొట్టి, మన దేశాన్ని 6 పరుగుల తేడాతో గెలిపించినవాడూ అతడే. కనుక రెండవ ప్రశ్న: ఏ ఖర్చుతో, ఎంత బరువు మోస్తూ తీశాడు?

"ఇంకేం! సిరాజ్ ఉంటే హైదరాబాదుకు లోటేమిటి?" అంటారేమో. 2016-17 రంజీలో అతడు 41 వికెట్లు తీశాడు. సగటు 19 లోపే. ఆ ఏడు హైదరాబాదు క్వార్టరు ఫైనలు చేరి, ముంబయి చేతిలో 30 పరుగులతో ఓడింది. 2017లోనే సిరాజ్ భారత జట్టులోకి వెళ్ళాడు. దేశం పిలిచిన తర్వాత సొంత జట్టుకు ఎప్పుడో ఒకసారి తప్ప దొరకడు. ఒక్క బావి మీద ఊరంతా ఆధారపడితే, ఆ బావి మీద వేరేవారికి హక్కు వచ్చిననాడు ఏం గతి?

అందుకే మూడవ ప్రశ్న: ఎవరి తోడుతో తీశాడు? బౌలర్లు జోడెద్దుల వంటివారు. ఒక చివరనుంచి ఒకడు, రెండవ చివరనుంచి ఇంకొకడు ఓవరు మార్చి ఓవరు వేస్తారు. ఒకడు పరుగులివ్వకుండా బిగబట్టాడనుకోండి. బ్యాటరుకు ఓపిక నశిస్తుంది. రెండవవాడి బంతిని ఎత్తి కొట్టబోయి క్యాచ్ ఇస్తాడు. వికెట్టు రెండవవాడి ఖాతాలో పడుతుంది. కాని అందులో సగం మొదటివాడిది కాదూ? స్కోరుపుస్తకంలో ఆ సగం ఎక్కడా రాయరు.

హైదరాబాదునే చూడండి. ఇటీవలి సంవత్సరాల్లో జట్టుకు బంతి వేసినవారిలో చామ మిలింద్ ఎడమచేతి ఫాస్ట్ బౌలరు. రవితేజ కుడిచేతి మీడియం పేసు. ఒకరి బంతి ఒక కోణంలో వస్తే ఇంకొకరిది మరొక కోణంలో వస్తుంది. ఇది మంచి జోడు. స్పిన్నర్లు తనయ్ త్యాగరాజన్, అనికేత్ రెడ్డి ఇద్దరూ ఎడమచేతివారే. ఇద్దరి బంతీ మామూలుగా ఒకే వైపు తిరుగుతుంది. ఇద్దరూ నేర్పరులే కావచ్చు. కాని జోడు కుదరాలంటే అటు తిప్పేవాడొకడు, ఇటు తిప్పేవాడొకడు ఉండాలి. గులాం అహ్మద్ ఊరివారు మంచి ఆఫ్ స్పిన్నరును వెదికి తయారుచేసుకోవాలని నా మదింపు. ఆ పిల్లవాడు దేవరకొండలోనో, నారాయణపేటలోనో ఇప్పుడు కోసిన పొలంలో బంతి తిప్పుతూ ఉండవచ్చు!

అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉన్నది. అందులో బంతి విసిరేవాణ్ణి పిచ్చరు అంటారు. పెద్ద జట్లు ఆట మొదలుపెట్టే పిచ్చర్లను అయిదుగురిని వంతులవారీగా దింపుతాయి. ఒక్కొక్కడు దాదాపు వంద బంతులు విసిరాక నాలుగైదు రోజులు బంతి మరొకరికి అప్పగిస్తాడు. ఎందుకు? భుజం, మోచేయి ఇనుముతో చేసినవి కావు గనుక. మీకు ఇది మరీ ముఖ్యం. మీ ఎముకలు ఇంకా ఎదుగుతున్నాయి. వేగంగా బంతి వేసే పిల్లలకు నడుము దగ్గరి వెన్నెముకలో సన్నని బీట పడే ప్రమాదం ఉన్నది. అందుకే ఇంగ్లండులో పిల్లలైన ఫాస్ట్ బౌలర్లు రోజుకు ఎన్ని ఓవర్లు వేయవచ్చో వయస్సును బట్టి హద్దు పెట్టారు. "వాడొక్కడే బాగా వేస్తాడు, పొద్దుగూకేదాకా వాడితోనే వేయిద్దాం" అనే కెప్టెను పాలిచ్చే బర్రెను నాగలికి కట్టినవాడే. నడుము నొప్పి అన్న పిల్లవాణ్ణి పిరికివాడనకండి. బంతి తీసుకొని కూర్చోబెట్టండి.

చివరగా నేల సంగతి. మన చెల్క నేలల్లో ఇసుక, గులక ఎక్కువ. బంతి ఒకచోట పడి ఎగురుతుంది, ఇంకొకచోట పడి పాములాగా జారుతుంది. పెద్ద మైదానాల్లో బంకమన్ను పరచి, తడిపి, బరువైన రోలరుతో తొక్కిస్తారు. అక్కడ బంతి చాలావరకు చెప్పినట్టు వింటుంది. కనుక మన మైదానాల్లో పడే వికెట్లలో కొన్నిటిని బౌలరుకు కాక నేలకు రాసివ్వాలి.

ఇక మీ పని. ఒక నోటుపుస్తకం తెరచి మీ జట్టులో ప్రతి బౌలరుకూ ఒక పేజీ కేటాయించండి. ఓవర్లు, పరుగులు, వికెట్లు, ఎదుటి జట్టు, అవతలి చివర వేసినవాడి పేరు, ఆ రోజు వేసిన మొత్తం బంతులు రాయండి. ఈ పుస్తకం ఉంటే మోతుబరి కొడుకని ఎవరికీ బంతి ఇవ్వనక్కరలేదు. కాళ్ళకు బూట్లు లేవని ఎవరినీ వెనక్కి పంపనక్కరలేదు. అంకె ఎవరి ముఖమూ చూడదు. అయితే దాన్ని సరైన ప్రశ్న అడగటం మన వంతు.

ఈ నెల లెక్క

ఒక బడిలో ముగ్గురు బౌలర్లు. 'అ' 40 ఓవర్లలో 200 పరుగులిచ్చి 10 వికెట్లు తీశాడు. 'ఆ' 40 ఓవర్లలో 96 పరుగులిచ్చి 4 వికెట్లే తీశాడు. 'ఇ' 12 ఓవర్లలో 54 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. వాటిలో 5 అన్నిటికన్న చిన్న బడి మీద తీసినవి. ముగ్గురికీ మూడు లెక్కలూ కట్టండి. తర్వాత చెప్పండి: 'ఆ'ను జట్టులోనుంచి తీసేస్తే 'అ' వికెట్లు ఏమవుతాయి? 'ఇ'ని నమ్మే ముందు ఇంకేం తెలుసుకోవాలి?

జవాబులు వచ్చే నెల చూద్దాం. అప్పటిదాకా, భుజాలు జాగ్రత్త!

మీ
హెడ్మాస్టరు తాతయ్య