బౌషర్‌లో పాత విల్లా మనం కొనగలమా?



మొన్న ఒక శుక్రవారం అజైబాలో మిత్రుడి ఇంట్లో భోజనానికి కలిశాం. పాతికేళ్ళ కిందటి విల్లా అది. ముందు వేపచెట్టు, వెనక చిన్న పెరడు, నిశ్శబ్దమైన వీధి. పద్నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నారు. ఇంటి యజమాని ఒమానీ పెద్దాయన. "అమ్మేద్దామనుకుంటున్నాను, నువ్వే కొనుక్కోరాదా?" అని అడిగారట. "పిల్లలిద్దరూ ఇక్కడే పెరిగారన్నయ్యా, ఊళ్ళో ఫ్లాటు అమ్మేసి ఇదే తీసుకుంటే పోదా?" అంది మిత్రుడి భార్య. అక్కడున్న పదిమందిలో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట! ఒకరు కొనొచ్చన్నారు, ఒకరు కుదరదన్నారు, ఇంకొకరు ఒమానీ స్నేహితుడి పేరు మీద రాయించుకోమన్నారు. ఆ గందరగోళమే ఈ వ్యాసానికి కారణం.

చట్టం ఏమంటోంది?

ఒమాన్‌లో విదేశీయులకు పూర్తి హక్కుతో ఇల్లు కొనే దారి 2006లో వచ్చిన 12/2006 రాజశాసనంతో తెరుచుకుంది. అయితే అది ఇంటిగ్రేటెడ్ టూరిజం కాంప్లెక్సులకే, అంటే ఐటీసీలకే పరిమితం. ఒకప్పుడు 'ది వేవ్' అని పిలిచిన సీబ్‌లోని అల్ మౌజ్, ఎయిర్‌పోర్టు దగ్గరి మస్కట్ హిల్స్ అలాంటివే. అక్కడ కొన్నవారికి, వారి కుటుంబానికి ఆ ఆస్తి ఆధారంగా రెసిడెన్సీ కూడా దొరుకుతుంది. ఇక 2021లో మొదలైనప్పుడు ఇన్వెస్టర్ రెసిడెన్సీ పథకంలో ఐదేళ్ళ కార్డుకు 2,50,000 రియాళ్ళు, పదేళ్ళ కార్డుకు 5,00,000 రియాళ్ళు పెట్టుబడి చూపవలసి ఉండేది. నెల జీతం మీద బతికే మనబోటి వాళ్ళకు అది అందని ద్రాక్షే.

అజైబా, గుబ్రా, అల్ ఖువైర్, గాలా వీధుల్లోని పాత విల్లాలు ఐటీసీలు కావు. కాబట్టి మామూలు ఉద్యోగ వీసా మీదున్న భారతీయుడి పేరున వాటి ముల్కియా రాదు. మా మిత్రుడి ఇంటి విషయంలో సమాధానం ఇదే.

మరి ఒమానీ స్నేహితుడి పేరు మీద? దయచేసి ఆ ఆలోచనే వద్దు. ముల్కియా మీద ఎవరి పేరుంటే ఇల్లు వారిదే. ఆ స్నేహితుడు ఎంత మంచివాడైనా, రేపు ఆయన కాలం చేస్తే వారసులకు మీతో ఏ ఒప్పందమూ లేదు. పాతికేళ్ళ కష్టార్జితాన్ని నోటిమాట మీద పెట్టకండి.

యాభై ఏళ్ళ ఫ్లాటు

2020లో గృహనిర్మాణ శాఖ ఇంకో దారి తెరిచింది. మస్కట్ గవర్నరేట్‌లో ఎంపిక చేసిన ప్రాంతాల్లో బహుళ అంతస్తుల భవనాల్లో ఫ్లాట్లను విదేశీయులు యాభై ఏళ్ళ అనుభవ హక్కు మీద తీసుకోవచ్చు. ఆ ప్రాంతాల్లో మన బౌషర్ కూడా ఉంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఇది ఫ్లాట్లకే గాని విడి విల్లాలకు కాదు. పైగా ఇది అనుభవ హక్కు మాత్రమే, నేల మీద హక్కు కాదు.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు ఒక ఫ్లాటు 60,000 రియాళ్ళు అనుకుందాం. యాభై ఏళ్ళకు పంచితే ఏడాదికి 1,200, నెలకు 100 రియాళ్ళు. "అబ్బో, అద్దె కంటే ఎంత చవక!" అనిపిస్తుంది. కానీ ఆ 60,000 ఒకేసారి కట్టాలి. ఆ డబ్బు మీద రావలసిన వడ్డీ పోతుంది, మెయింటెనెన్సు ఖర్చు వేరే. పదేళ్ళకు ఉద్యోగం పోయి వెళ్ళిపోవలసి వస్తే మీరు అమ్మేది యాభై ఏళ్ళ ఫ్లాటు కాదు, నలభై ఏళ్ళ ఫ్లాటు. ఏడాది గడిచేకొద్దీ మీ చేతిలోని సరుకు కరుగుతూ ఉంటుంది. దీర్ఘకాలం ఇక్కడే ఉండే వ్యాపారస్తులకు ఇది నప్పవచ్చు. రెండేళ్ళకోసారి వీసా రెన్యువల్ కోసం ఎదురుచూసేవారు మాత్రం పదిసార్లు ఆలోచించాలి. నిబంధనలు మారుతుంటాయి గనుక అడ్వాన్సు ఇచ్చేముందు శాఖ కార్యాలయంలో స్వయంగా కనుక్కోండి.

నెదర్లాండ్స్‌లో మనవాళ్ళ సంగతి

ఐండ్‌హోవెన్, ఆమ్‌స్టెల్‌వేన్‌లలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళు 1930ల నాటి ఇటుక ఇళ్ళు కొనుక్కుంటున్నారని విని మనకు అసూయ కలగడం సహజం. అక్కడ ఇల్లు కొనడానికి పౌరసత్వం అక్కర్లేదు. సొంతంగా ఉండటానికి కొంటే బదిలీ పన్ను రెండు శాతం. కాగితం మీద సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి కొనేవారికి మూడు రోజుల గడువుంది. కానీ వాళ్ళ తలనొప్పులు వాళ్ళవి. పాత ఇళ్ళలో కొన్ని చెక్క దుంగల పునాదుల మీద నిలబడ్డవి. నేలలో నీటిమట్టం తగ్గితే ఆ దుంగలు కుళ్ళుతాయి. ఎనర్జీ లేబుల్ తక్కువైతే చలికాలం బిల్లు నడ్డి విరుస్తుంది. అంటే పాత ఇల్లు ఎక్కడైనా ముచ్చటైనదే, ఎక్కడైనా ఖర్చే! తేడా ఒక్కటే. అక్కడ చట్టం నిన్ను రానిస్తుంది, ఇక్కడ హద్దు గీసింది.

మరి ఊళ్ళో పాత ఇల్లు?

ఇక్కడ కుదరక మనలో చాలామంది విజయవాడ, వరంగల్, రాజమండ్రిల్లో పాత పెంకుటిళ్ళో డాబాలో కొంటున్నారు. ఎన్నారైలు ఇల్లు, ఇంటిస్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ మాత్రం కొనరాదు. పాత ఇల్లు అనగానే నాలుగు విషయాలు చూడండి.

మొదటిది ఆడపడుచుల వాటా. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. అన్నదమ్ములు మాత్రమే సంతకం పెట్టిన దస్తావేజు రేపు కోర్టు మెట్లెక్కవచ్చు.

రెండవది జీపీఏ. పవర్ ఆఫ్ అటార్నీతో జరిగిన అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది.

మూడవది, మనం ఇక్కణ్ణుంచి పంపే పవర్ పత్రం. మన ఎంబసీ ఉన్నది అల్ ఖువైర్‌లోనే గనుక అటెస్టేషన్ సులువు. కానీ ఆ పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. చాలామంది దీన్నే మర్చిపోతారు.

నాలుగవది అమ్మేటప్పటి పన్ను. 2024 జులై బడ్జెట్‌లో దీర్ఘకాలిక లాభం మీద ఇండెక్సేషన్ తీసేసి 12.5 శాతం చేశారు. అప్పటికే కొన్న ఇళ్ళకు పాత పద్ధతి ఎంచుకునే వెసులుబాటు ఇండియాలో నివసించేవారికే ఇచ్చారు, ఎన్నారైలకు ఇవ్వలేదు. ఊళ్ళో ఫ్లాటు అమ్మి ఇక్కడ పెడదామనుకునేవారు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

చివరగా...

మా మిత్రుడు పెద్దాయనకు ఉన్నమాట చెప్పేశాడు. ఆయన నవ్వి, "సరే, నీ కూతురి ప్లస్ టూ అయ్యేదాకా అమ్మను" అన్నారట. బలదియాలో రెండేళ్ళకు ఒప్పందం రాయించుకున్నారు. మిత్రుడి భార్య మాత్రం ఇంకా వేపచెట్టు వంక చూస్తూనే ఉంది. ఆ చెట్టు నాటింది ఆమే మరి!

మనం కట్టిన అద్దె వృథా కాదు. పిల్లల చదువు, పెద్దవాళ్ళ మందులు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఈ అద్దె ఇళ్ళలో ఉంటూనే గట్టెక్కించాం. కాని ఎక్కడో ఒకచోట మన పేరున ఒక గడప ఉండాలి. అది బౌషర్‌లోనా, బెజవాడలోనా అన్నది ఆశతో కాక కాగితాలు చదివి తేల్చుకుందాం.