బాలానగరు నాలాలో నురుగు

వర్షాకాలము వచ్చినదన్న కూకటుపల్లి చెంత ఆల్విన్ కాలనీ, ధరణీనగరు వాసులకు వరదభయముతోపాటు నురుగుభయము గూడ తప్పుట లేదు. పరికిచెరువు నాలా పొంగినపుడు తెల్లని నురుగు వీథులలో గుట్టలుగా లేచి యిండ్ల వాకిండ్లవఱకు వచ్చుచున్నది. 2023 సెప్టెంబరు వానలలోను ఇట్లే జరిగినది. ఎగువనున్న కర్మాగారముల రసాయనములే కారణమని కొందఱును, ఇండ్ల మురుగులోని సబ్బుపొడియే కారణమని కొందఱును వాదించుచున్నారు. రెండును నిజమే కావచ్చును. రెండుచోట్లనుండియు వచ్చు వస్తువు ఒక్క జాతిదే.

అది నీటి తలతన్యతను తగ్గించు ద్రవ్యము. దాని యణువునకు ఒక కొస నీటిని, రెండవ కొస జిడ్డును పట్టును. బట్టలుతుకు పొడిలో నున్నది అదియే. లోహపుపనుల కార్ఖానాలలో పూతకు ముందు నూనెను కడుగు ద్రవములలో నుండునది అదియే. జిడ్డును వదల్చు ఆ గుణమే చేపల మొప్పలను చెఱచును. లీటరు నీటిలో కొలది మిల్లీగ్రాములున్నను పలుజాతుల చేపలు బ్రదుకజాలవు.

ఇది లోకమునకు క్రొత్త చిక్కు కాదు. 1950 దశకమున పాశ్చాత్యదేశములలో పెట్రోలియమునుండి తయారగు డిటర్జెంట్లు వ్యాపింపగా నదులు నురుగులు గట్టినవి. ఆ యణువుల కర్బనశృంఖల కొమ్మలు గలదగుటచే సూక్ష్మజీవులు దానిని జీర్ణింపజాలకపోయినవి. నూటికి 80 వంతులైనను జీర్ణముకాని సరకును అమ్మరాదని జర్మనీ 1961లో చట్టము చేసి 1964నుండి అమలుపఱచినది. అమెరికా పరిశ్రమవారు 1965 నాటికి కొమ్మలులేని శృంఖల గల ద్రవ్యమునకు మారిరి. నేడు మన పొడులలోను ప్రధానముగా నుండునది ఈ రెండవరకమే.

అట్లయిన మనకు నురుగేల? ఆ ద్రవ్యము జీర్ణమగుటకు నీటిలో ప్రాణవాయు వుండవలెను. గాలి చొఱని నల్లని మురుగులో అది చెడక నిలుచును. కూకటుపల్లి నాలా బాలానగరు, ఫతేనగరు ప్రాంతముల మురుగును గొని హుసేనుసాగరమువైపు సాగును. మురుగును మరలించు ఏర్పాట్లున్నను గట్టివానలకు అవి చాలుట లేదు. ఒకప్పుడు నగరమునకు త్రాగునీరిచ్చిన ఆ తటాకమునకు చేరినను, మరలింపబడినను, తుదకు ఆ నీటికి గతి మూసీనదియే. నగరమునకు దిగువ మూసీనీటితో వరియు, పశుగ్రాసమును పండించు రైతుల కిది పరులగోడు కాదు.

మఱియొక ద్రవ్యముగూర్చి మేము ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. నోనైల్ ఫినాల్ ఇథాక్సిలేట్లనునవి వస్త్ర, లోహ పరిశ్రమలలో వాడబడినవి. ఇవి సగము జీర్ణమై నోనైల్ ఫినాల్‌గా మిగులును. ఆ మిగులు మూలద్రవ్యముకంటె విషతరము, చేపల సంతానశక్తిని చెఱచునది. యూరపు సమాఖ్య 2003లో వీని వాడుకను పెక్కుపనులయందు నిషేధించినది. జీర్ణమగునను మాటతో తృప్తిపడరాదు. పూర్తిగా జీర్ణమగునా యని యడుగవలెను.

కుంకుడుకాయకు మరలుదమని కొందఱందురు. దాని నురుగు శీఘ్రముగా జీర్ణమగుట సత్యమే. కాని కుంకుడురసము చేపలకు మత్తుమందుగా పూర్వము వాడబడినదని మఱువరాదు. ప్రకృతిజన్యమైన దెల్ల నిరపాయము కాదు. కోటిజనుల నగరమునకు ఆ యొక్క యుపాయము చాలదు.

ప్రభుత్వము 1991లో నేర్పఱచిన ఎకోమార్కు ఐచ్ఛికముగనే యున్నది. ఇష్టమున్నవారికి వర్తించునది శాసనము గాదు. 28 దినములలో నూటికి 60 వంతులైనను పూర్తిగా విఱిగిపోవలెనని యూరపు సమాఖ్య 2004లో విధించిన నియమమువంటిది మనకును కావలెను. నగరమున 31 మురుగుశుద్ధి కేంద్రములకు రాష్ట్రప్రభుత్వము 2021లో అనుమతి యిచ్చినది. అవి నిండుగా పనిచేయుచున్నవో లేదో ప్రజలకు నెలనెలకు తెలుపవలెను. త్రాగునీటిలో డిటర్జెంటు లీటరుకు 0.2 మిల్లీగ్రాము మించరాదని మన ప్రమాణము; నాలాల చెంతనున్న బోరుబావులను ఆ కొలతతో పరీక్షించి ఫలితములు ప్రకటింపవలెను. అప్పుడు తప్పు కార్ఖానాదా, గృహస్థుదా యను వాదము లెక్కలతో తేలును.

నురుగు కంటబడుటచే జనులు మొఱపెట్టుచున్నారు. వాన వెలిసి నురుగు అణగినను ద్రవ్యము నీటిలోనే యుండును. అధికారుల శ్రద్ధయు నురుగుతో అణగిపోకుండునట్లు చూచుట పౌరుల విధి.